స్టాఫ్‌కి లాగిన్ ఇచ్చే రోజే, దాన్ని వెనక్కి తీసుకునే దారి కూడా చూసుకోండి

మా ఆఫీసులో మెయిల్సూ ఆర్డర్లూ చూసుకునే అమ్మాయి వేరేచోట మంచి ఉద్యోగం వస్తే మానేసింది. గొడవలేం లేవు, అందరం సంతోషంగానే పంపించాం. మూడు వారాల తర్వాత కొత్త కంప్యూటర్‌లో ఆఫీస్ మెయిల్ తెరవబోతే ఓటీపీ అడిగింది, ఆ ఓటీపీ వెళ్ళేదేమో ఆ అమ్మాయి సొంత ఫోన్‌కి. ఫోన్ చేస్తే ఎత్తలేదు, కొత్త ఉద్యోగం కదా, మీటింగ్‌లో ఉందట. ఒక కస్టమర్ కొటేషన్ కోసం పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నాడు, అది మెయిల్ లోపల ఉంది, మేం బయట కూర్చున్నాం. సాయంత్రం ఆరున్నరకి తను ఫోన్ చేసి నంబర్ చదివేసరికి ఆ కోడ్ టైమ్ అయిపోయింది, మళ్ళీ పంపించుకుని మళ్ళీ చదివించుకున్నాం. ఆ వారంలో నాలుగుసార్లు అదే పని. తనకి ఓపిక ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మా మెయిల్ మాది కాకుండా పోయేదే.

అప్పట్నుంచి ఎవరికి ఏ యాక్సెస్ ఇవ్వాలన్నా ముందు ఒక్కటే చూసుకుంటా. రేపు ఈ మనిషిని ఏమీ అడక్కుండా, తన ఫోన్ అవసరం లేకుండా, పది నిమిషాల్లో దీన్ని నేను వెనక్కి తీసుకోగలనా? తీసుకోగలను అంటే ఇచ్చేస్తా. లేదంటే ఇవ్వనని కాదు, ఇచ్చే పద్ధతి మారుస్తా. కింద రాసిందంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేదే. ఐదుగురు పనిచేసే చోటైనా ఇరవై మంది ఉన్నచోటైనా ఇదే పనికొస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పేస్తా. ఇదంతా చేస్తే స్టాఫ్ నొచ్చుకుంటారేమో, మా మీద నమ్మకం లేదా అంటారేమో అని చాలామంది ఆగిపోతారు. నేనూ అలాగే ఆగాను. కానీ ఒక లాగిన్ నలుగురు వాడుతున్నచోట ఒక బిల్లు మాయమైతే నలుగురి మీదా అనుమానం పడుతుంది, ఏ తప్పూ చేయని ముగ్గురు కూడా తలదించుకుని తిరగాలి. ఎవరి లాగిన్ వాళ్ళకుంటే ఆ బాధ లేదు. మా వాళ్ళకి ఇదే మాట కూర్చోబెట్టి చెప్పాను, ఒక్కరు కూడా కాదనలేదు.

ముందు లిస్ట్ రాయండి

అసలు మన దగ్గర ఎన్ని అకౌంట్లు ఉన్నాయో మనకే తెలీదు. నేను పదో పన్నెండో అనుకుని మొదలుపెడితే ముప్పై ఒకటి తేలాయి. మెయిల్, బ్యాంకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి ఏవంటే వెబ్‌సైట్ డొమైన్ (అంటే మన సైట్ పేరు), హోస్టింగ్ (ఆ సైట్‌ని నెట్‌లో ఉంచే సర్వీసు), గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే మన బిజినెస్ ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, పేమెంట్ గేట్‌వే, కొరియర్ వాళ్ళ పోర్టల్, ట్యాక్స్ పోర్టల్, సీసీ కెమెరాల యాప్, వైఫై రౌటర్. వీటిని పట్టుకోవడానికి మూడు చోట్ల వెతకండి. ఆఫీస్ కంప్యూటర్ల బ్రౌజర్లలో సేవ్ అయిన పాస్‌వర్డ్‌ల లిస్ట్ ఒకటి, ఏడాది పాటు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కట్ అయిన సబ్‌స్క్రిప్షన్లు ఒకటి, మెయిల్‌లో వెల్‌కమ్ అనీ వెరిఫై అనీ వెతికితే వచ్చేవి ఒకటి. ఒక మధ్యాహ్నం పడుతుంది, కానీ ఈ పని దాటేసి ముందుకెళ్తే మిగతాదంతా వృథా.

షీట్‌లో ఏం రాయాలో కూడా చెప్తా. అకౌంట్ పేరు, అది ఏ మెయిల్ ఐడీతో తెరిచాం, ఓటీపీ ఏ నంబర్‌కి వెళ్తుంది, రికవరీ మెయిల్ (పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్ళీ తెరవడానికి లింక్ వెళ్ళే ఐడీ) ఎవరిది, ఎవరెవరికి ఏ స్థాయి యాక్సెస్ ఉంది, ఎప్పుడు ఇచ్చాం, ఎందుకు ఇచ్చాం. పాస్‌వర్డ్‌లు మాత్రం ఈ షీట్‌లో రాయొద్దు, దయచేసి రాయొద్దు, ఆ షీట్ ఒక్కటి ఎవరి చేతికైనా చిక్కితే మొత్తం చిక్కినట్టే. "ఎందుకు" అనే గడి అనవసరం అనిపిస్తుంది గానీ ఆర్నెల్ల తర్వాత చూసినప్పుడు పనికొచ్చేది అదే. మా షీట్‌లో ఒక వరస ఇలా ఉండేది: కొరియర్ పోర్టల్, తెరిచింది పాత మేనేజర్ సొంత మెయిల్‌తో, ఓటీపీ అతని నంబర్‌కే, ఎందుకు అన్నచోట ఖాళీ. అతను మానేసి రెండేళ్ళు. అన్నాళ్ళూ మా కస్టమర్ల అడ్రస్‌లన్నీ అతనికి కనిపిస్తూనే ఉన్నాయన్నమాట, అతనికి చూసే ఉద్దేశం లేకపోయినా సరే.

ఓటీపీ నంబర్, రికవరీ మెయిల్, ఈ రెండు గడుల్లో స్టాఫ్ సొంతవి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎర్ర రంగు వేయండి. మొదటి వారం పని ఆ ఎర్రవి తుడవడమే. ఆఫీస్ పేరున ఒక సిమ్, ఆఫీస్ డొమైన్ మీద ఒక మెయిల్ పెట్టుకుని అన్నీ వాటికి మార్చండి.

వీటిలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది డొమైన్. చాలామందికి ఇది వెబ్‌సైట్ చేసిన కుర్రాడి మెయిల్‌తోనే కొని ఉంటుంది, మనకి అది తప్పుగా కూడా అనిపించదు. కానీ డొమైన్ ఎవరి చేతిలో ఉంటే మెయిల్ వాళ్ళ చేతిలో ఉన్నట్టు, మెయిల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే సెట్టింగ్ అక్కడే ఉంటుంది కాబట్టి. మెయిల్ చేతిలో ఉంటే పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కి మిగతా ముప్పై అకౌంట్లూ తెరుచుకోవచ్చు. అందుకని డొమైన్ కొన్న చోట ఓనర్ పేరు, మెయిల్ మనవి ఉన్నాయో లేదో ఇవాళే చూడండి, లేకపోతే ఆ కుర్రాడితో సంబంధాలు బాగున్నప్పుడే అడిగి మార్పించుకోండి.

ఒక మనిషికి ఒక లాగిన్

ఆఫీసంతా ఒకే పాస్‌వర్డ్ వాడే పద్ధతిలో ఇబ్బంది ఏంటంటే, లోపల ఎవరేం చేశారో రాసుకునే లాగ్‌లో అన్నిటికీ ఒకే పేరు ఉంటుంది. ఒకరు మానేస్తే పాస్‌వర్డ్ మార్చి మిగతా అందరికీ మళ్ళీ చెప్పాలి, ఆ చెప్పడం చాట్ గ్రూప్‌లో చెప్తాం, ఆ గ్రూప్‌లో మానేసిన మనిషి ఇంకా ఉంటాడు. ఇది మా దగ్గర నిజంగా జరిగింది.

చాలా సాఫ్ట్‌వేర్లలో యూజర్లని విడిగా కలుపుకోవచ్చు, మనమే బద్ధకించి కలపం. మెయిల్‌కైతే పాస్‌వర్డ్ పంచక్కర్లేదు. జీమెయిల్‌లో డెలిగేషన్ అని ఉంది, తన లాగిన్‌తోనే వచ్చి మన ఇన్‌బాక్స్ చదివి జవాబులు రాయొచ్చు, పాస్‌వర్డ్ మార్చడం మాత్రం కుదరదు. మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్ళకి షేర్డ్ మెయిల్‌బాక్స్ ఉంది, సేల్స్ అనో సపోర్ట్ అనో ఒక ఐడీ పెట్టి ముగ్గుర్ని కలిపితే చాలు, ఒకర్ని తీసేసినా మిగతా ఇద్దరికీ ఏ ఆటంకం ఉండదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఓనర్, మేనేజర్ అని విడివిడిగా ఉంటాయి, స్టాఫ్‌ని మేనేజర్‌గానే పెట్టండి. ఫేస్‌బుక్ పేజీలో ఫుల్ కంట్రోల్ అనేది ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించండి, ఫుల్ కంట్రోల్ ఉన్న మనిషి తల్చుకుంటే మిమ్మల్నే ఆ పేజీ నుంచి తీసేయగలడు. పోస్టులు పెట్టడానికీ మెసేజ్‌లకి జవాబివ్వడానికీ అంత అవసరమే లేదు.

వాట్సాప్ బిజినెస్ సంగతి కొంచెం వేరు. అందులో సిమ్ ఎవరి ఫోన్‌లో ఉంటే వాళ్ళే యజమాని. కాబట్టి సిమ్ ఆఫీస్ ఫోన్‌లో పెట్టండి, స్టాఫ్‌ని లింక్డ్ డివైజ్‌లుగా కలపండి, నాలుగు వరకు కలుస్తాయి. టూ స్టెప్ వెరిఫికేషన్ అని 6 అంకెల పిన్ పెట్టుకోవచ్చు, అది పెట్టి రికవరీ మెయిల్ మీది ఇవ్వండి. అసలు ఫోన్‌ని 14 రోజులకి మించి వాడకుండా వదిలేస్తే లింక్ చేసినవన్నీ లాగౌట్ అయిపోతాయి, అందుకని ఆ ఫోన్‌ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోవద్దు.

కొన్ని పోర్టల్స్‌లో ఎంత వెతికినా ఒక్కటే లాగిన్ ఉంటుంది, ఏం చేయలేం. వాటికి బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచే యాప్) పెట్టుకుని అందులోంచే షేర్ చేయండి. పాస్‌వర్డ్ కనపడకుండా షేర్ చేసే ఆప్షన్ కూడా ఉంటుంది గానీ దాన్ని పూర్తిగా నమ్మొద్దు, తెలిసినవాళ్ళు బ్రౌజర్‌లోంచి చూసేయగలరు. అది వాడిన మనిషి మానేశాడంటే ఆ పాస్‌వర్డ్ మార్చాల్సిందే. అలాగే నెలనెలా పాస్‌వర్డ్ మార్చమని అందర్నీ సతాయించే పద్ధతి మానేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే ఆ బలవంతం వద్దంది, ఎందుకంటే అలా మార్పిస్తే జనం చివర్లో ఒక అంకె మాత్రం మారుస్తారు. పొడుగ్గా ఒకటి పెట్టి, లీక్ అయినప్పుడో మనిషి మారినప్పుడో మారిస్తే సరిపోతుంది.

ఎవరికి ఎంత

పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి అనే సూత్రాన్ని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే రాసిపెట్టారు. 1992లో ఫెరయోలో, కూన్ అనే ఇద్దరు, వీళ్ళూ నిస్ట్ వాళ్ళే, పర్మిషన్లు మనిషికి కాకుండా పోస్టుకి కట్టే పద్ధతిని ఒక నమూనాగా పెట్టారు. మనం రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌లలో రోల్ అని కనిపించేది అదే. దీన్ని చిన్న చోట వాడాలంటే పెద్ద చదువేం అక్కర్లేదు, ఒక కాగితం మీద మనుషుల పేర్లు కాకుండా పనుల పేర్లు రాయండి: బిల్లింగ్, స్టాక్, అకౌంట్స్, సోషల్ మీడియా, మేనేజర్. తర్వాత ఒక్కో పనికీ ఏమేం చేయాల్సి వస్తుందో రాయండి. కొత్త మనిషి వచ్చినప్పుడు "ఆవిడకి ఏమేం ఉన్నాయో అవే ఇతనికీ ఇచ్చేయ్" అనడం మానేసి ఈ కాగితం చూసి ఇవ్వండి, ఎందుకంటే ఆవిడకి ఐదేళ్ళలో పేరుకుపోయినవన్నీ ఇతనికి మొదటి రోజే వచ్చేస్తాయి.

పర్మిషన్ అంటే ఉందా లేదా అని రెండే కాదు. చూడ్డం వేరు, కొత్తది చేర్చడం వేరు, ఉన్నది మార్చడం వేరు, తీసేయడం వేరు. ఇంకో రెండు ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఒకటి ఎక్స్‌పోర్ట్, అంటే మొత్తం కస్టమర్ లిస్ట్‌ని ఒక్క నొక్కుతో ఫైల్‌గా దింపుకోవడం. రెండోది వేరే యూజర్లని చేర్చగలగడం. ఈ రెండూ ఇచ్చామంటే మిగతావి ఇచ్చామా లేదా అనేది పెద్దగా లెక్కలోకి రాదు.

బిల్లింగ్ సీటునే తీసుకోండి. బిల్లు కొట్టాలి, ప్రింట్ తీయాలి, కస్టమర్ పేరు చేర్చాలి. అంతవరకే కావాలి. కానీ డిఫాల్ట్‌గా వచ్చే రోల్‌లో బిల్లు క్యాన్సిల్ చేయడం, పాత తేదీకి బిల్లు వేయడం, ఇష్టమొచ్చినంత డిస్కౌంట్ ఇవ్వడం కూడా కలిసి ఉండొచ్చు. నగదు తీసుకుని బిల్లు ఇచ్చి, కస్టమర్ వెళ్ళాక ఆ బిల్లు క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎటు పోయిందో లెక్కలో ఎక్కడా కనపడదు. అందరూ అలా చేస్తారని అనట్లేదు, నూటికి తొంభైతొమ్మిది మంది చేయరు. కానీ క్యాన్సిల్ బటన్ మేనేజర్ దగ్గర మాత్రమే ఉంటే ఆ ప్రశ్నే పుట్టదు, బిల్లింగ్‌లో ఉన్న మనిషికి కూడా అది రక్షణే. మొదట్లో "ప్రతిసారీ మేనేజర్‌ని పిలవాలా" అని కొంచెం గొణుక్కున్నారు, వారంలో అలవాటైపోయింది.

డబ్బు బయటికి వెళ్ళేచోట ఇంకా గట్టిగా ఉండాలి. పేమెంట్ ఎంట్రీ వేసేవాళ్ళు, ఓకే చేసేవాళ్ళు ఒకరే అవకూడదు. బ్యాంకుల్లో దీన్ని మేకర్ చెకర్ అంటారు, బిజినెస్ అకౌంట్లకి ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో చాలా బ్యాంకులు ఈ ఏర్పాటు ఇస్తాయి, అడిగి ఆన్ చేయించుకోండి. ఉన్నదే ఇద్దరైతే చెకర్ ఓనరే. కొత్త పార్టీ బ్యాంకు నంబర్ చేర్చడం, ఉన్న నంబర్ మార్చడం కూడా ఇందులోకే వస్తుంది. "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఇకనుంచి దీనికి వేయండి" అని సప్లయర్ పేరుతో మెయిల్ వస్తే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోన్ నంబర్‌కి చేసి కనుక్కోకుండా మార్చొద్దు, ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి అస్సలు చేయొద్దు.

అడ్మిన్ మాట కూడా ఇక్కడే. పెద్ద కంపెనీలకే మైక్రోసాఫ్ట్ గ్లోబల్ అడ్మిన్లు, అంటే అన్ని సెట్టింగ్‌లూ మార్చగలిగేవాళ్ళు, ఐదుగురి కన్నా తక్కువ ఉండాలని చెప్తుంది, మనకి ఇద్దరు చాలు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి ఫోన్ పోయినరోజు అందరం బయటే, ముగ్గురు నలుగురైతే ఎవరేం మార్చారో తెలీదు. ఓనర్ కూడా రోజువారీ మెయిల్ చూసే ఐడీకి అడ్మిన్ హక్కులు పెట్టుకోకుండా, అడ్మిన్ కోసం విడిగా ఒక ఐడీ పెట్టుకుని అవసరమైనప్పుడే తెరిస్తే మంచిది. రోజువారీ ఐడీతో రోజూ పది లింకులు నొక్కుతాం, ఒక్క తప్పు లింకుతో పోయేది ఒక్క మెయిల్‌బాక్స్ అయితే తట్టుకోవచ్చు, మొత్తం ఆఫీస్ అయితే తట్టుకోలేం.

అడ్మిన్లకీ అకౌంట్స్ వాళ్ళకీ పాస్‌వర్డ్‌తో పాటు రెండో తాళం తప్పనిసరి. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ కన్నా, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ మేలు, ఆ కోడ్ సాధారణంగా ప్రతి 30 సెకన్లకీ మారిపోతుంది, సిమ్‌తో సంబంధం లేదు.

బయటివాళ్ళు

ఆడిటర్, వెబ్‌సైట్ చేసేవాళ్ళు, యాడ్స్ నడిపే ఏజెన్సీ, వీళ్ళు మన స్టాఫ్ కాదు కాబట్టి వీళ్ళని లిస్ట్‌లో రాయడమే మర్చిపోతాం. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద స్టోర్ల కంపెనీకి 2013 చివర్లో 4 కోట్ల దాకా కార్డుల వివరాలు పోయాయి, దొంగలు లోపలికి వచ్చింది ఏసీ పనులు చేసే ఒక కాంట్రాక్టర్ లాగిన్‌తో. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది. బయటివాళ్ళకి ఇచ్చేటప్పుడు షీట్‌లో ముగింపు తేదీ రాసి, అదే రోజుకి ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టేయండి. ఆడిటర్‌కి చూసే హక్కు చాలు. యాడ్స్ ఏజెన్సీ వాళ్ళని మీ యాడ్ అకౌంట్‌లోకి పిలవండి, వాళ్ళు వాళ్ళ పేరుతో తెరిచిన అకౌంట్‌లో మీ యాడ్స్ నడపనివ్వొద్దు, విడిపోయినరోజు ఏళ్ళ డేటా అంతా వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. డ్రైవ్‌లో "లింక్ ఉన్న ఎవరైనా" అని షేర్ చేసిన ఫైళ్ళు కూడా ఓసారి వెతకండి, రేట్ల లిస్టులూ జీతాల షీట్లూ అలా తెరిచి పడుంటాయి.

మానేసే రోజు

2021 మే నెలలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన సరఫరా లైను సైబర్ దాడి వల్ల 7వ తేదీన ఆగి 12వ తేదీదాకా మొదలవ్వలేదు. దాడి చేసినవాళ్ళు వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్‌లోంచి, అంటే బయటినుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే, రెండో తాళం లేదు. ఎవరూ వాడట్లేదు కదా, ఉంటే ఏమైంది అని మనం వదిలేసేవి సరిగ్గా ఇలాంటివే.

మానేసినరోజు చాలామంది చేసే తప్పు, వెంటనే అకౌంట్ డిలీట్ చేసేయడం. డిలీట్ చేయొద్దు, ముందు సస్పెండ్ చేయండి, మైక్రోసాఫ్ట్‌లో అయితే సైన్ ఇన్ బ్లాక్ చేయండి. తర్వాత అన్ని డివైజ్‌ల నుంచి సైన్ ఔట్ చేయించండి, పాస్‌వర్డ్ మార్చినా కొన్ని యాప్‌లలో పాత లాగిన్ నడుస్తూనే ఉంటుంది. తర్వాత మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫార్వర్డింగ్ చూడండి, వచ్చే ప్రతి మెయిల్ ఇంకో ఐడీకి కాపీ వెళ్ళేలా ఎప్పుడో పెట్టుకుని ఉండొచ్చు, ఇంటినుంచి పనిచేసిన రోజుల్లో మంచి ఉద్దేశంతోనే పెట్టుకుని కూడా ఉండొచ్చు. కనెక్ట్ అయిన యాప్‌లు, యాప్ పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాంట్లోకి వెళ్ళడానికి ఇచ్చే తాళాలు) ఉంటే అవీ తీసేయండి. అప్పుడు వాళ్ళ ఫైళ్ళ ఓనర్‌షిప్ ఇంకొకరికి మార్చండి. అన్నీ అయ్యాక నెలో రెండు నెలలో ఆగి డిలీట్ చేయండి. పొరపాటున ముందే డిలీట్ చేసేసినా గూగుల్ వర్క్‌స్పేస్‌లో 20 రోజుల్లోపు, మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజుల్లోపు ఆ యూజర్‌ని తిరిగి తెచ్చుకోవచ్చు, ఆ గడువు దాటిందంటే పోయినట్టే.

ఆ తర్వాత షీట్ తీసి ఆ మనిషి వరసలన్నీ ఒక్కోటీ కొట్టేసుకుంటూ రండి. ఉమ్మడిగా వాడిన పాస్‌వర్డ్‌లు, వాట్సాప్ లింక్డ్ డివైజ్, చాట్ గ్రూపులు, వైఫై, కెమెరా యాప్, తలుపు కోడ్ ఉంటే అది.

ఇవన్నీ ఎప్పుడు చేయాలి అంటే, వాళ్ళంతట వాళ్ళు మానేస్తుంటే ఆఖరి రోజు సాయంత్రం, ముందే చెప్పి. "ఆరింటికి నీ లాగిన్లు ఆపేస్తాం, నీ సొంత ఫోటోలో కాగితాలో ఉంటే ఈలోపు తీసుకో" అని చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. మనం తీసేస్తున్నామంటే మాత్రం ఆ మాట చెప్తున్న సమయంలోనే పక్కగదిలో ఇంకొకరు ఇది చేస్తుండాలి. వినడానికి కఠినంగా ఉంటుంది, నాకూ ఇష్టం లేదు. కానీ కోపంలో ఉన్న మనిషి ఒక అరగంటలో చేసే పని జీవితమంతా ఇద్దర్నీ బాధపెడుతుంది, ఆ అవకాశం లేకుండా చేయడమే వాళ్ళకీ మేలు.

సీటు మారినవాళ్ళని కూడా మర్చిపోవద్దు. స్టాక్ నుంచి అకౌంట్స్‌కి వెళ్ళిన మనిషికి కొత్తవి ఇస్తాం, పాతవి తీయం. అప్పుడు సరుకు వచ్చిందని ఎంట్రీ వేసేదీ తనే, దానికి డబ్బు కట్టేదీ తనే అవుతుంది.

మూడు నెలలకోసారి షీట్ ముందేసుకుని కూర్చోండి, అరగంట పని. యూజర్ల లిస్ట్‌లో ఆఖరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారో చూపించే గడి చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, నెలన్నరగా రానివాళ్ళది తీసేయండి. కావాలంటే వాళ్ళే అడుగుతారు, రెండు నిమిషాల్లో మళ్ళీ ఇవ్వొచ్చు. మేం మొదటిసారి ఇలా పదకొండు తీసేస్తే ఒక్కటే మళ్ళీ అడిగారు.

ఇక చివరగా ఓనర్ సంగతి. మీ ఫోన్ పోయినా, మీరు నాలుగురోజులు ఆసుపత్రిలో ఉన్నా ఆఫీస్ నడవాలి. ఫోన్ లేకపోయినా లాగిన్ అవడానికి గూగుల్ ఒకేసారి 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింట్ తీయండి, అడ్మిన్ ఐడీ, డొమైన్ ఎక్కడ కొన్నారు, పాస్‌వర్డ్ మేనేజర్ రికవరీ కీ, ఇవన్నీ ఒక కవర్‌లో పెట్టి అంటించి, అంటించినచోట సంతకం, తేదీ వేసి, ఆఫీసులో కాకుండా మీరు నమ్మే మనిషి బీరువాలో పెట్టండి. మా కవర్ మా అక్క దగ్గర ఉంది. మూడు నెలలకోసారి షీట్ చూసే రోజే అక్కకి ఫోన్ చేసి కవర్ అంటించింది అంటించినట్టే ఉందా అని అడుగుతా, కోడ్‌లు ఏమైనా మార్చి ఉంటే ఆ ఆదివారమే కొత్త కవర్ తీసుకెళ్ళి పాతది నా చేత్తోనే చింపేస్తా.